ఫోర్జుషాపు చేతులు

నేను ఆటిజం ఉన్న మనిషిని. చెవులకు ఇయర్‌మఫ్‌లు పెట్టుకుని ఊళ్ళన్నీ ఒంటరిగానే తిరుగుతాను. హోరు తగ్గితే చాలు, ఎక్కడికైనా వెళ్ళగలను. కానీ ప్రతిచోటా ఎవరో ఒకరు "అవి తీసి మాట్లాడమ్మా" అంటారు.

జంషెడ్‌పూర్‌లో సాక్చి నుంచి టెల్కో కాలనీకి షేర్ ఆటో ఎక్కాను. ఎదురు సీటులోని పెద్దాయన నా చేతిలో తెలుగు పుస్తకాన్నీ, చెవుల మీద మఫ్‌లనూ చూసి, "ఏ డిపార్టుమెంటమ్మా నీది?" అని గట్టిగా అడిగారు. మఫ్‌లు చూసి, అక్కడి కార్ఖానాలో పనిచేస్తున్నాననుకున్నారు!

కాదని, ఆటో మోతే భరించలేక పెట్టుకున్నానని చెప్పి, ఆయన మాట వినడానికి మఫ్ పక్కకు జరపబోయాను.

"తియ్యకమ్మా! ఫోర్జుషాపులో ముప్పయ్యేళ్ళు సేసినాను. ఆ సుత్తుల మోతలో మాటేటి వినపడతాది? అంతా సేతుల్తోనే."

ఆ సైగలు నాకు నేర్పించారు కూడా. బొటనవేలు నోటివైపు తిప్పితే టీ. అరచేయి తిరగేస్తే తర్వాతి షిఫ్టు. దారంతా అలాగే మాట్లాడుకున్నాం. చేతులు చూస్తే చాలు, కళ్ళలోకి చూడాల్సిన పనే లేదు. ఒక వేలు చూపించి, ఒక్కదానివేనా అన్నట్టు అడిగారు. తల ఊపాను. జాలిపడలేదు, ఆయనా తల ఊపారు.

తన క్వార్టర్ ముందు దిగి, బొటనవేలు నోటివైపు తిప్పారు. అప్పటికే అలసిపోయాను. ఇలాంటప్పుడు కాదనడానికి మాటలు దొరక్క నానా అవస్థ పడతాను. ఈసారి అరచేయి తిరగేశాను. ఆయన నవ్వి, గేటు మీది నంబరు చూపించారు.

మర్నాడు అదే వేళకు వెళ్ళాను, మఫ్‌లతోనే. వాళ్ళావిడ తలుపు తీసి, ఏమీ అడక్కుండా బొటనవేలు నోటివైపు తిప్పారు.