తమ్ముని కర్ర

మా అక్క బళ్లారిలో ఒక కాన్పుల ఆసుపత్రిలో బండలు తుడిచేది. ఇంత చిన్న మాటను నేను మిల్లులో ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్లకు నర్సు అని చెప్పాను. మొదట ఒకసారి నోరు జారింది, తరువాత దాన్ని నిలబెట్టుకోవలసి వచ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ పల్లకీ నేనే కట్టి నేనే మోశాను.

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్త రోజులవి. అంతకు చాలా ముందు నుంచీ బ్రూస్‌పేటలో మా నాయన నూలుకు రంగులు వేసేవాడు. నూలు చిలపను, అంటే ఉచ్చులా చుట్టిన పోగుల కట్టను, రంగు తొట్టిలో ముంచి తీసి, గోడకు దిగ్గొట్టిన కొయ్యకు ఒక కొస తగిలించి, రెండో కొసలో కర్ర దూర్చి తిప్పేవాడు. నూలు తాడులా బిగిసి రంగునీళ్లు ధారగా కారేవి. చేతులతో పిండితే చిక్కు పడుతుందని, చేతులూ పోతాయని అనేవాడు. అక్క చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన ఆ పని చేసింది. మోచేతుల దాకా నీలం ఉండేది ఆమెకు. నన్ను మాత్రం తొట్టి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. చదువుకునేవాడి చేతులు శుభ్రంగా ఉండాలట.

నాయన పోయాడు, రంగుల పని ఆయనతోనే పోయింది. సిరుగుప్పలో కాపురం చేస్తున్న అక్క, మా బావ పోయాక పుట్టింటికి వచ్చేసింది. వచ్చి నెల తిరగకుండానే ఆసుపత్రిలో చేరింది. ఆమె జీతంతోనే ఇల్లు నడిచింది, నేను ఫిట్టరు పని నేర్చుకున్నాను, పత్తి జిన్నింగు మిల్లులో చేరాను. చేరిన మొదటి వారమే ఆమెను నర్సును చేశాను.

ఆసుపత్రిలో వార్డులన్నీ కడప బండల నేల. రోజుకు రెండు సార్లు గొంతుక్కూర్చుని, గోనెపట్టను ఫినాయిలు నీళ్లలో ముంచి, పిండి, తుడవాలి. తడిసిన గోనెపట్టను పిండి చూసినవాళ్లకే తెలుస్తుంది అదెంత మొండిదో. అక్క కుడి మణికట్టు వాచింది. వేళ్ల సందులు పగిలాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం కలపలేక చెంచా అడిగింది. మా ఇంట్లో ఉప్పుజాడీలోది తప్ప ఇంకో చెంచా లేదు. అమ్మ దాన్నే కడిగి ఇచ్చింది. అక్క తల వంచుకుని ఆ చెంచాతో తింటుంటే నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. మిల్లులో ఇన్ని యంత్రాలు బాగుచేసేవాణ్ని, మా అక్కకు ఒక గుడ్డ పిండే ఉపాయం చెయ్యలేనా అనుకున్నాను.

పొడవు కర్రకు నూలు కుచ్చు కడితే కూర్చోకుండా నిలబడి తుడవవచ్చు. అంతవరకు ఎవరికైనా తోస్తుంది. చిక్కంతా పిండడంలోనే ఉంది. చెరుకు గానుగ గుర్తొచ్చి, బకెట్టు మూతికి రెండు కొయ్య రోలర్లు, ఒక తిప్పుడు పిడి బిగించాను. చాలా గర్వంగా ఇంటికి మోసుకొచ్చాను, మోసుకొచ్చేటప్పటికి నా భుజం దిగిపోయింది. అక్క దాన్ని ఒక చేత్తో ఎత్తబోయి వదిలేసింది.

"బాగుండాది రా. దీన్ని మోసేదానికి ఇంకొక ఆయాను పెట్టమని డాక్టరమ్మని అడుగుతా," అంది.

రెండోసారి రెండు రేకుల మధ్య నూలును నొక్కే పట్టకారు చేశాను. అది నూలునూ నొక్కింది, అక్క చిటికెన వేలినీ నొక్కింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుంది. నాకే తిక్క రేగి దాన్ని పెరట్లోకి విసిరేశాను.

ఆ సాయంత్రం అక్క పెరట్లో నా కుచ్చును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని యాలరా కత్తిరించినావు?"

"కుచ్చు మాదిరి ఉండాలని."

"చిలపను చిలప మాదిరే ఉండనీ. కొయ్యకు తగిలించేదానికి వస్తాది. నాయన ఎట్ల పిండుతాండె, మరిచిపోతివా?"

మరిచిపోవడానికి నేనెప్పుడు చేశాను గనక. మిల్లు నుంచి తెచ్చిన పాత నూలును ఆమే చిలపగా చుట్టింది, ఒక కొస కర్రకు కట్టింది, నీళ్లలో ముంచింది, నాయన దిగ్గొట్టిన పాత కొయ్యకు రెండో కొస తగిలించి కర్రను గిర్రున తిప్పింది. నీళ్లు జలజలా కారాయి. వాచిన మణికట్టుకు పనే లేదు, కర్ర పొడవే బలమంతా పెట్టింది. రోలర్ల మీద నేను రెండు నెలలు పడ్డ శ్రమ అక్కడికక్కడ తేలిపోయింది.

మిగిలింది నా చేతి పని. బకెట్టు మూతికి ఒక పక్కగా ఇనుప కొక్కెం వేశాను. తిప్పితే బకెట్టు కూడా తిరిగింది. "కాలు పెట్టి తొక్కేదానికి ఒక పట్టీ వెయ్యి," అని అక్కే చెప్పింది. వేశాను, నిలబడింది. పని అయ్యాక అదే చిలప కొసను గోడ మేకుకు తగిలిస్తే కర్ర కిందికి వేలాడుతుంది, నూలు గాలికి ఆరుతుంది, మూలన పడి మురగదు. నేను చేసిందల్లా ఒక కొక్కెం, ఒక పట్టీ, ఒక మేకు.

ఆసుపత్రిలో దాన్ని చూసి మిగతా ఆయాలు తమకూ కావాలన్నారు. మా మిల్లు సాహుకారు చెవిన పడింది. ఆ ఏడు ఊళ్లో కొత్త పనిముట్ల ప్రదర్శన పెడుతున్నారు, మన మిల్లు తరఫున దీన్ని పెడదాం అన్నాడు. అట్ట మీద నా పేరు రాయించాడు. దాని పక్కన ఇంకో పేరు ఉండాలని నాకు తోచింది. చెప్పలేదు. చెబితే ఆమె ఎవరు, ఎక్కడ పని చేస్తుంది అని అడుగుతారు.

ముందురోజు మిల్లు వరండాలో అందరి ఎదుట నేనే తుడిచి చూపించాను. తుడిచిన చోట నా అడుగులే పడ్డాయి. తుడిచేవాళ్లు వెనక్కి నడుస్తారన్న సంగతి కూడా నాకు తెలియదు. సాహుకారు నవ్వి, "అలవాటున్న మనిషిని యారినైనా పిలిపించప్పా," అన్నాడు. నేను అక్కను పిలిచాను. ఎవరూ ఏమీ అడగరులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమెకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఏమని చెప్పాలి?

అక్క సెలవు పెట్టి, తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఇద్దరం తిందామని బొరుగులతో ఉగ్గాని చేసి గుడ్డలో మూట కట్టి తెచ్చింది. బల్ల కింద పెట్టి, "ఆకలైతే చెప్పు," అంది. అప్పటికి మా మిల్లువాళ్లు ఇంకా రాలేదు.

పదకొండు గంటలకు ఒక పెద్ద ఆఫీసరు, ఆయన భార్య వచ్చారు. వెనక సాహుకారు, మిల్లులో నా తోటి ఫిట్టరు ఉన్నారు. అక్క నేల మీద పరిచిన బండల మీద నీళ్లు చల్లి, వెనక్కి నడుస్తూ తుడిచింది. కొక్కేనికి తగిలించి, పట్టీ మీద కాలు పెట్టి, కర్ర తిప్పింది. ఒక్క చుక్క బయట పడలేదు. అంత చక్కగా పని చేసేవాళ్లను నేను మిల్లులో కూడా చూడలేదు. ఆఫీసరు "చెన్నాగిదె" అని మెచ్చుకున్నాడు. ఆయన భార్య అక్క వైపు చూసి నవ్వి నన్ను కన్నడంలో అడిగింది.

"ఇవరు యారు? నిమ్మవరా?"

ఈమె ఎవరు, మీవాళ్లా అని అడిగింది. అక్క ముఖం విప్పారింది. ఆమె నోరు తెరవబోతోంది. 'మా తమ్ముడమ్మా' అనబోతోందని నాకు తెలుసు. సాహుకారు పక్కనే ఉన్నాడు. నేను తొందరపడ్డాను.

"అల్ల అమ్మా. ఆస్పత్రె కెలసదవళు."

కాదమ్మా, ఆసుపత్రి పనిమనిషి అని. కన్నడంలో అంటే అబద్ధం బరువు తగ్గుతుందనుకున్నానో ఏమో. బళ్లారిలో పుట్టిన మనిషికి కన్నడం రాకుండా ఉంటుందా? ఆ పెద్దింటావిడ మర్యాదగా 'ఇవరు' అని అడిగితే, సొంత తమ్ముణ్ని నేను 'అవళు' అన్నాను, ఆ మర్యాద కూడా ఉంచలేదు.

అక్క తెరిచిన నోరు మూసుకుంది. ఆఫీసరు భార్య పక్కనున్న మురికి బండను చూపి అది కూడా తుడిపించమని నాతో అంది. నేను అక్కకు చెప్పాలి. మా సీమలో బజారులో కూరగాయలమ్మే ఆమెను కూడా అక్కా అనే పిలుస్తారు. ఆ మాట అన్నా ఎవరికీ ఏ అనుమానమూ రాదు. దారిన పోయే ఆడవాళ్లందరికీ ఇచ్చే పిలుపు, ఆ రోజు మా అక్కకు దక్కలేదు.

"ఏమ్మా, అది కూడా తుడువు," అన్నాను.

"అట్లే సార్," అంది అక్క.

సాయంత్రం దాకా అట్లే సార్, సరే సార్. వెళ్లేటప్పుడు బల్ల కింది మూట తీసి నా ముందు పెట్టి, "మీ మూట సార్," అని వెళ్లిపోయింది. ఆ పిలుపులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. నా అబద్ధం ఎక్కడ చిరుగుతుందోనని జాగ్రత్తగా పట్టుకుంది, అంతే. ఆమె పోయాక ఆ ఉగ్గాని నేను తిన్నాను. ఆకలేసింది, తిన్నాను. అది కూడా చెప్పాలి.

ఇంటికి పోయేసరికి అమ్మ, "ఎట్ల జరిగిందమ్మీ?" అని అడుగుతోంది. "అందరూ బాగుండాదన్నారు," అంటోంది అక్క. రాత్రి నాకు అన్నం పెట్టి, "ఇంకొంచెం యేసుకో రా," అంది. తిట్టి ఉంటే కాళ్ల మీద పడేవాణ్ని. తిట్టలేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే నాకు పెళ్లయింది, రెండేళ్లు గడిచాయి.

నా భార్యకు ఆ ఆసుపత్రిలోనే నొప్పులు మొదలయ్యాయి. ఉదయం పూట. అక్క లోపల ఆమె దగ్గర ఉంది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మా తోటి ఫిట్టరు ఫ్లాస్కులో కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి, గ్లాసులు తెస్తానని బయటికి పోయాడు.

ఆ వారమే చేరిన కొత్త ఆయా ఒకామె వరండా తుడవడానికి వచ్చింది. గోడ మేకుకు వేలాడుతున్న కర్రను తీసింది. లోపలి ఇంకొకామెను కేకేసింది.

"తమ్ముని కర్ర ఒకటే ఉండాదే ఈడ. ఇంకోటి యాడ?"

"ఏం కర్ర?" అని అడిగాను నేను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఇదేనప్పా. మా పెద్దాయమ్మ వాళ్ల తమ్ముడు చేసినాడంట. ఆయప్ప మిల్లులో పెద్ద పనోడంట. కొత్తగా వచ్చినోళ్లకి ఆయమ్మ మొదుట అదే చెప్తాది, ఆమీటనే తుడిచేది నేర్పిస్తాది. అందురూ తమ్ముని కర్ర అనే అంటారు."

తల కొట్టేసినట్టయింది నాకు. ఉపాయం ఆమెది. ఆసుపత్రిలో అందరికీ నా పేరు మీద చెప్పుకుంటోంది. ఆయా బకెట్టు నింపుకు వస్తానని కర్రను గోడకు ఆనించి కుళాయి దగ్గరికి పోయింది.

మా ఫిట్టరు తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, కాఫీ వంచుతూ, "మీ అక్క ఈడే కదప్పా నర్సు? ఒక్కసారన్నా కనపడలేదే," అన్నాడు.

అప్పుడే తలుపు తెరుచుకుని అక్క బయటికి వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. ముఖమంతా నవ్వు. "రే" అని మొదలుపెట్టి, నా పక్కన ఉన్న మనిషిని చూసింది. నవ్వు అలాగే ఉంచి, మాట మార్చుకుంది.

"సార్, ఆడబిడ్డ. ఇద్దురూ బాగుండారు."

రెండేళ్లుగా ఆ పిలుపును దాచి ఉంచింది, నాకు అవసరపడుతుందని. నాకు బిడ్డ పుట్టిన సంతోషం కూడా సరిగ్గా తెలియలేదు. లేచి నిలబడ్డాను.

"ఈమే మా అక్క," అన్నాను ఫిట్టరుతో. "నర్సు కాదు. ఈమే."

ఆయన అక్కను పరకాయించి చూశాడు. "ఈయమ్మ ఆ పొద్దు ప్రదర్శనలో తుడిచినామె కదప్పా?" అన్నాడు.

నేను అవునని చెప్పేలోగా అక్క అందుకుంది.

"బిడ్డ పుట్టిన సంబరంలో ఏందో అంటాండాడప్పా. ఈడ మేమందురమూ అక్కలమే."

ఫిట్టరు నవ్వాడు. "నాకు తెలుసులేమ్మా," అన్నాడు. నమ్మాడు. నమ్మేటట్టుగానే చెప్పింది. నేను రెండేళ్ల కింద చెప్పినదానికంటే ఎంతో బాగా చెప్పింది. కాదు, నిజంగానే ఈమె మా అక్క అని నేను మళ్లీ అనాలి. ఫిట్టరు నా చేతిలో కాఫీ పెట్టాడు. నేను అనలేదు, బెంచీ మీద కూలబడ్డాను.

కొత్త ఆయా బకెట్టు తెచ్చి పెట్టింది. అక్క కర్ర అందుకుని, నీళ్లలో ముంచి, కొక్కేనికి తగిలించి, పట్టీ మీద కాలు పెట్టి తిప్పి, "ఇట్ల చూడు," అని ఆమెకు చూపిస్తూ వరండా తుడవడం మొదలుపెట్టింది. వెనక్కి నడుస్తూ మా బెంచీ దాకా వచ్చి ఆగింది.

"కాళ్లు, సార్," అంది.

మేమిద్దరం కాళ్లు పైకెత్తి కూర్చున్నాం.