సన్నబడ్డ ఏడాది

మొయినాబాద్ రోడ్డు పక్క ద్రాక్షతోటలు ఒక్కొక్కటే ఫామ్‌హౌస్‌లవుతున్న కాలంలో నేను పరుగు పందేలకు పోయేదాన్ని. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మాది చేవెళ్ల దగ్గర ఊరు. బాపు టమాటా పండించేవాడు. జిల్లా పోటీల్లో దూరపు పరుగులో ముందు వచ్చానని ఒక సార్ నన్ను తన దగ్గర పరుగు నేర్చుకునే అమ్మాయిల్లో చేర్చుకున్నాడు. ఆయన మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. కొన్నేళ్లు మంచు కొండల్లో ఉన్నాడట. కాళ్లకు స్కీలనే పొడుగాటి పలకలు తొడుక్కుని, చేతుల్లో కర్రలతో నెట్టుకుంటూ, మంచు మీద గంటల తరబడి సాగే పోటీల గురించి చెప్పేవాడు. ఫ్రిజ్‌లో పేరుకునేది తప్ప మేమెవరం మంచు చూడలేదు.

“ఆ స్కీలోళ్ల ఒంట్ల కొవ్వన్నదే ఉండదు. ఒళ్లు తేలికుంటేనే దూరం పోతది. నువ్వు జర తగ్గాలె,” అన్నాడు ఒకరోజు.

స్కూటర్ మీద బరువు చూసే మిషను తెచ్చి గ్రౌండ్‌లో పెట్టేవాడు. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉందని, దాన్ని బీఎంఐ అంటారని అప్పుడే విన్నాను. ఆ అంకె ఎంత దిగితే అంత మంచిదని మాకు అర్థమైంది.

ముందు రాత్రి అన్నం మానేశాను. తర్వాత పొద్దటి చద్దన్నం కూడా.

“ఏమైందే, బువ్వ ముడుతలేవు?” అనేది అమ్మ.

“ఆకలైతలేదమ్మా.”

కొన్నాళ్లకు అది నిజమే అయింది. ఆకలి పోయింది. దాంతోపాటు ఇంకేవో కూడా పోయినట్టున్నాయి. నవ్వు రావడం, కోపం రావడం, వాన పడితే చెయ్యి చాపాలనిపించడం. పరుగు మాత్రం పెరిగింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన పోటీలో మొదటి స్థానం వచ్చింది. వాళ్లిచ్చిన టీషర్టుల్లో అన్నిటికన్నా చిన్నది నాకు గౌనులా వేలాడింది. మెడలో ఐడీ కార్డులేసుకున్న అమ్మాయిలు చుట్టూ చేరారు.

“ఇంత స్లిమ్‌గా ఎట్ల ఉన్నవ్? ఏం తింటవ్?”

పక్కకు జరిగి నీళ్లు తాగాను.

నెలసరి ఆగిపోయింది. మాతో పరిగెత్తే షాబాద్ ఊరి అక్కకు చెప్పాను. “మంచిగైంది గదా, పోటీలప్పుడు తిప్పలుండదు,” అంది. తనకూ చాన్నాళ్లుగా రావడం లేదట. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. రెండూ రాలేదు.

చలికాలం మొదట్లో కుడి కాలి పిక్క ముందు ఎముక నొప్పి పట్టింది. ఓర్చుకుంటే పోతుందన్నాడు సార్. ఓర్చుకోవడం నాకు కష్టం కాలేదు. ఒకరోజు శంకర్‌పల్లి రోడ్డు మీద పరిగెడుతుంటే కాలు కింద లేనట్టయింది. పడిపోయాను. ఒక కంపెనీ బస్సు నా పక్క నుంచే వెళ్లింది. అద్దాల వెనక నిద్రపోతున్న ముఖాలు చూస్తూ కూర్చున్నాను.

కబురు తెలిసి బాపు టమాటాలు వేసే ట్రాలీ ఆటోలో వచ్చాడు. బరువుంటానని గట్టిగా పట్టి ఎత్తబోయి, నేను అలవోకగా పైకి లేచేసరికి తూలాడు.

“గింత తేలికైనవేంది బిడ్డా!” అన్నాడు. నాకు వినబడింది, అంతే.

దవాఖానలో డాక్టరమ్మ ఎముక చిట్లిందని కట్టు కట్టింది. అమ్మ ఎదుటే నన్ను నెలసరి సంగతి అడిగింది. చెప్పాను. అమ్మ నా వైపు తిరిగి చూసింది.

“బీఎంఐకి పైన ఒక హద్దున్నట్టే కింద గూడ ఉంటది. నువ్వు దానికి మస్తు కిందున్నవ్. తిండి లేకుంటే నెలసరి ఆగుతది, ఎముక గుల్లబారుతది,” అంది డాక్టరమ్మ.

స్కీల వాళ్ల సంగతి చెప్పాను.

“వాళ్లనెప్పుడన్న చూసినవా? బుక్కెడు తినకుండ ఆ కర్రలెట్ల నెడుతరు?”

కట్టుతో మంచం మీద ఉన్నప్పుడు స్పోర్ట్స్ ఛానల్‌లో ఒకసారి ఆ పోటీ వచ్చింది. ఆడవాళ్లు. గట్టి తొడలు, వెడల్పు భుజాలు. ఊపిరి పొగలా వదులుతూ ఎత్తు ఎక్కుతున్నారు. చివరిదాకా చూసి టీవీ కట్టేశాను.

సార్ యాపిల్ పండ్లు పట్టుకొచ్చాడు. “మళ్లెప్పుడొస్తవ్?” అన్నాడు.

“మా పిల్ల ఇగ రాదు సార్,” అంది అమ్మ.

ఆయన నా కట్టు వైపు చూశాడు. “నాకు గూడ గట్లనే నేర్పిండ్రమ్మా,” అని చాయ్ తాగి వెళ్లిపోయాడు.

కాలు అతుక్కుంది. అమ్మ పక్కన కూర్చుని తినిపించేది. రుచి తెలిసేది కాదు, పని చేసినట్టు నమిలేదాన్ని.

ఎండాకాలంలో మా బంధువుల పెళ్లికి చర్చికి వెళ్లాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నాడు. వెనక వండుతున్న బగారన్నం వాసన కిటికీలోంచి వచ్చింది. కడుపులో ఏదో కదిలింది. అదేమిటో వెంటనే పోల్చుకోలేకపోయాను.

“అమ్మా, ఆకలైతున్నది,” అన్నాను మెల్లగా.

అమ్మ కళ్లు తెరిచింది. ప్రార్థన సగంలో ఉండగానే లేచి, నా చెయ్యి పట్టుకుని, అందరి మోకాళ్లు దాటుకుంటూ బయటికి తీసుకుపోయింది. వంటాయన ఇంకా దించలేదన్నా వినకుండా గంటె తనే అందుకుంది. విస్తరి కూడా వేయలేదు, గిన్నె మూతలోనే పెట్టింది. నాలుక కాలింది. కాలిందని తెలిసింది.