గడప దాటని కిరసనాయిలు

ముమ్మిడివరం వైపు ఆ పల్లెలో కరెంటు పోయిందంటే జనం సూర్యకాంతమ్మ డాబా వంక చూసేవారు. ఆవిడ కాపురానికొచ్చిన ఏడాదే గాలివాన పట్టి, పొయ్యి రాజేయడానికి ఎండుపుల్ల దొరక్క ఊరంతా పస్తులుంది. ఆ ఆకలి ఆవిడ మరిచిపోలేదు. అప్పట్నుంచీ అటక నిండా కొబ్బరి డొక్కలు, మట్టలు. చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో అగ్గిపెట్టెలు. చిమ్నీలు తళతళలాడే లాంతర్లు. "మనమేమన్నా యుద్ధానికెళ్తున్నామా?" అని భర్త చంద్రరావు ఎగతాళి చేసేవాడు. ముసురు పట్టిందంటే ఆ నోరు మూతపడేది.

ఆ ఇంట్లో పనిచేసే వీరవేణి రేషన్లో తెచ్చుకున్న కిరసనాయిలు కూడా అక్కడే ఉండేది. "పూరింట్లో పెట్టుకోకే. నిప్పురవ్వ పడితే పిల్లలతో సహా బుగ్గయిపోతావు. నా దగ్గరుంచు, కావాల్సినప్పుడు పట్టుకెళ్ళు" అని సూర్యకాంతమ్మే టిన్ను కొనిచ్చి, అటక కింద చోటు చూపించింది. వీరవేణి ఏ రోజుకారోజు ఓ సీసాడు పోసుకుని వెళ్ళేది. సాయమే, కాదనలేం. కానీ సాయం చేసేవాళ్ళ చేతిలోకి మన వెలుతురు కూడా వెళ్ళిపోతుందని వీరవేణికి ఎవరు చెబుతారు?

తొంభై ఆరులో, దీపావళికి ముందు తుఫానొచ్చింది. కొబ్బరితోటలు నేలకరిచాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. వీరవేణి ఇంటి కప్పు సగం ఎగిరిపోయి లోపల నీళ్ళు నిలిచాయి. మర్నాడల్లా, ఆ మర్నాడూ మొగుడు తాతాజీతో కలిసి కూలిన వాసాలు ఎత్తుకుంటూనే ఉంది. శుక్రవారం పొద్దుగూకాక గానీ సీసా పట్టుకుని డాబాకి రాలేకపోయింది. అప్పటికి సూర్యకాంతమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టేసింది.

"అమ్మగారండీ, కాస్త కిరసనాయిలు పోసుకెళ్తానండి. కాళ్ళ కిందేముందో కూడా కనపడట్లేదండి."

"దీపాలు పెట్టాక వస్తే ఎలాగే? శుక్రవారం కూడాను. ఇంట్లోంచి నూనె బయటికెళ్తే లక్ష్మి కూడా వెళ్ళిపోతుంది."

"అది నాదేనండి."

"నీదైనా నా గడపేగా దాటాలి. ఒక్క రాత్రి ఓర్చుకో, తెల్లారగానే నేనే పంపిస్తా."

వీరవేణి గడప అవతల్నుంచే లోపలికి చూసింది. లోపల మూడు లాంతర్లు వెలుగుతున్నాయి. ఒకటి తీసి ఇవ్వడానికి సూర్యకాంతమ్మకి మనసు పీకింది. కానీ అత్తగారు నేర్పిన భయం ఆ మనసు కన్నా గట్టిది. తలుపు వేసేసుకుంది.

తెల్లారగానే ఆవిడే టిన్ను మోసుకుంటూ బురదలో బయల్దేరింది. పెళ్ళయ్యాక ఆ వీధిలో బరువు మోయడం అదే మొదలు. వీరవేణి ఇంటి ముందు జనం. అరుగు మీద తాతాజీ శవాన్ని పడుకోబెట్టారు. కాలు నల్లగా వాచిపోయి ఉంది.

"రాత్రి వాసం తీస్తుంటే మేకు గుచ్చుకుందన్నాడండి," అంది వీరవేణి. ఏడవడం అయిపోయిన గొంతు. "చూద్దామంటే దీపం లేదండి. మేకే అనుకుని గుడ్డ కట్టానండి. తెల్లారాక చూస్తే పాము గాట్లండి."

 సూర్యకాంతమ్మ టిన్ను ఆమె ముందు పెట్టింది.

"మీ దగ్గరే ఉంచండి," అంది వీరవేణి. "పూరింట్లో పెట్టుకుంటే అంటుకుంటుందన్నారు కదండీ."

లక్ష్మి ఎటూ వెళ్ళలేదు. రొయ్యల చెరువులు కలిసొచ్చాయి, గ్యాసొచ్చింది, కొన్నాళ్ళకి ఇన్వర్టరూ వచ్చింది. "ఇంకా ఆ కంపు టిన్నెందుకే?" అని చంద్రరావు విసుక్కుంటాడు. ఆవిడ మాత్రం రోజూ పొద్దు వాలుతుండగానే, దేవుడి దగ్గర దీపం పెట్టకముందే, ఆ టిన్ను తీసుకెళ్ళి వీధరుగు మీద పెడుతుంది. పక్కన ఓ అగ్గిపెట్టె. ఇక ఎవరూ అడగక్కర్లేదు, ఏదీ గడప దాటక్కర్లేదు. పొద్దున్నే మళ్ళీ లోపల పెడుతుంది, అదే బరువు.

వీరవేణి ఇప్పుడు అవతలి వీధిలో పనిచేస్తోంది. చీకటి పడ్డాక బ్యాటరీ లైటు వేసుకుని ఆ అరుగు ముందు నుంచే ఇంటికి వెళ్తుంది. లైటు ఎప్పుడూ తన కాళ్ళ ముందే వేసుకుంటుంది.