నాన్న తిన్న కంచం

నాన్న తినకుండా అమ్మ ఏనాడూ అన్నం ముట్టలేదు. ఆయన మండపేటలో రైసుమిల్లు లారీ నడిపేవారు. మధ్యాహ్నం రెండుకొచ్చినా మూడుకొచ్చినా ఈవిడ ఎదురుచూడాల్సిందే. ఆ పద్ధతి చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. నాన్న పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచీ అమ్మ నా దగ్గరే ఉంటోంది. అల్జీమర్స్ వచ్చాక ఆయన పోయిన సంగతి మరిచిపోయింది గానీ, ఆయన తిన్నాకే తినాలన్నది మరవలేదు.

"ఆయన్ని రానీవే, తింటాను" అని కంచం తోసేసేది. నాకసలే ఓపిక తక్కువ. ఒకరోజు విసుగెత్తి, "నాన్న పోయారమ్మా, ఇంకెక్కడి నుంచి వస్తారు?" అనేశాను. అప్పుడే కబురు విన్నట్టు కూలబడి ఏడ్చింది. మర్నాడు మళ్ళీ ఆయన కోసం చూసింది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ ఏడ్చింది. నా నోరు పడిపోనూ, మూడోసారి చెప్పలేకపోయాను.

రాజమండ్రిలో డాక్టరుగారు అమ్మ బరువు చూశారు. "మాత్రలతో ఈ జబ్బు పూర్తిగా నయం కాదమ్మా. ఉన్నన్నాళ్ళూ ఆవిడ స్థిమితంగా ఉండేట్టు చూడాలి. ఖాళీ కడుపున మాత్ర వేస్తే తిప్పుతుంది. ముందు తిండి సంగతి చూడండి" అన్నారు. అమ్మ అప్పటికే చిక్కి సగమైపోయింది.

అప్పుడు తోచింది నాకీ ఉపాయం. నాన్న కంచంలో ముందు నేను తినేసి, ఆ ఎంగిలి కంచం అమ్మకి చూపించేదాన్ని. "తినేసి మిల్లుకెళ్ళిపోయారమ్మా" అనేదాన్ని. "పెరుగేసుకున్నారా?" అని అడిగి, నెమ్మదిగా తను తినేది. ఆ తర్వాత మాత్ర. కన్నతల్లిని మోసం చేస్తున్నానని బాధగానే ఉండేది. అయినా మనిషి కాస్త తేరుకుంది.

మొన్న ములక్కాడ పులుసు పెట్టాను. అమ్మ కంచాన్ని చాలాసేపు చూసింది.

"ఇది మీ నాన్న తిన్నది కాదే. ఆయన ములక్కాడ పిప్పయ్యేదాకా నములుతారు."

ఇవాళ్టితో తిండి ఆగిపోయినట్టే అనుకున్నాను.

"ఆయన ఇంక రారా?" అంది.

అబద్ధం నోటికి రాలేదు. రారని తలూపాను. ఏడుస్తుందనుకున్నాను గానీ ఏడవలేదు. ఆ కంచంలోనే అన్నం పెట్టుకుని, పులుసు కలిపి, మొదటి ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చింది.

"ఆయన కోసం చూసి నువ్వూ తినలేదు కదే. చాలా పొద్దెక్కింది, తిను."

అప్పటికే నా కడుపు నిండి ఉంది. నోరు తెరిచాను. రెండో ముద్ద తను తింది.