మూడు లింకుల వదులు

నాకు ఒళ్లు కుదురుగా ఉండదు. కూర్చుంటే కాలు ఊగుతుంది, నిలబడితే చెయ్యి జేబులో తాళాలు ఆడిస్తుంది. సిగ్నల్ దగ్గర అంకెలు తగ్గేదాకా ఆగలేక పక్క సందులోకి బండి తిప్పే రకం. 'ఆత్రగాడికి బుద్ధి మట్టు' అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూ ఉండేది. పెళ్లయ్యాక ఆ మాట అనే డ్యూటీ మా ఆవిడ తీసుకుంది. ఇలాంటి మనిషి చేతికి వదులు వాచీ ఇస్తే ఏమవుతుందో పాపం మా మామగారికి తెలియదు.

వాచీ సంగతి చెప్పాలంటే ముందు అలక సంగతి చెప్పాలి. మా వైపు పెళ్లిళ్లలో కొత్త అల్లుణ్ణి మంచం మీద కూర్చోబెట్టి అలగమంటారు. అత్తగారూ మామగారూ వచ్చి "ఏం కావాలి బాబూ" అని బతిమాలాలి. అల్లుడు మూతి ముడుచుకుని ఏదో ఒకటి అడగాలి. అది ఇచ్చాకే మంచం దిగాలి. ఇప్పుడు అదంతా ఫొటోలకు, నవ్వులకు మిగిలిన తంతే గానీ, అడిగింది ఇవ్వకపోతే మామగారికి చిన్నతనమన్న భావం మాత్రం పోలేదు. నన్నూ కూర్చోబెట్టారు. పక్కనుంచి మా మేనత్త "బండి అడగరా, గొలుసు అడగరా" అని పొడుస్తూనే ఉంది. నేను చదువుకున్నవాణ్ణి కదా! "నాకేమీ వద్దండీ" అని హుందాగా లేచి వచ్చేశాను. అందరూ మెచ్చుకున్నారు. మామగారు మాత్రం భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ అక్కడే నిలబడిపోయారు. అడిగిన అల్లుడైతే ఇచ్చేసి ఊపిరి పీల్చుకునేవారు. అడగనివాడితో ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ప్రత్తిపాడు దగ్గరున్న వాళ్ల ఊరి నుంచి గుంటూరు బస్సెక్కి, మధ్యాహ్నానికి ఒక పెట్టెతో తిరిగొచ్చారు. స్టీలు చెయిను వాచీ. మంచిదే. కానీ నా చేతికి పెడితే మూడు లింకుల మేర వదులు. చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతుంది, దించితే అరచేతి మీద పడుతుంది. ఏడు నెలలు అలాగే పెట్టుకున్నాను. రోజుకు యాభైసార్లు పైకి తోసుకుంటూ, కొనేవాళ్లు కొలత చూసుకోవద్దా అని లోపల్లోపల విసుక్కునేవాణ్ణి. ఆ విసుగు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మార్చిలో ఒక ఆదివారం అత్తగారు భోజనానికి పిలిచారు. కల్లంలో మిరపకాయ ఎండుతోంది, ఒకసారి వచ్చి చూసినట్టూ ఉంటుంది అన్నారు. పదకొండింటికి బయల్దేరాలి. తొమ్మిదింటికి నాకు ఏమీ తోచలేదు. వాచీ సంగతి ఇవాళ తేల్చేద్దామనిపించింది.

"కొట్లో ఇస్తే ఐదు నిమిషాల పని" అంది మా ఆవిడ.

"ఐదు నిమిషాలు ఎవడు కూర్చుంటాడు?" అన్నాను.

దాబా మీద వెలుతురు బాగుంటుంది. అక్కడ మా ఆవిడ ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికని మిరపకాయలు పరిచింది. వాటర్ ట్యాంకు నీడ ఒక్కటే నీడ. ఆ నీడలో, మిరపకాయల అంచున చతికిలబడ్డాను. ఒక గట్టి సూది, ఒక పిన్నీసు, వెల్లుల్లి దంచే చిన్న రోకలి, ఫోనులో వీడియో. ఇంతే సరంజామా.

చెయిను లోపలి వైపు చిన్న బాణం గుర్తులుంటాయి. బాణం ఎటు చూపిస్తే పిన్నును అటు నెట్టాలి. సూది పెట్టి రోకలితో చిన్నగా కొడితే పిన్ను తల బయటికి వచ్చింది. ఎంత సంబరమో! పది నిమిషాల్లో మూడు లింకులు ఊడాయి, చెయిను మళ్లీ కలిపేశాను. చేతికి పెట్టి చూస్తే బిగువు సరిపోయింది గానీ, మణికట్టు కింద ఉండాల్సిన లాకు పక్కకొచ్చి ఎముక మీద కూర్చుంది. అప్పుడు వీడియో మిగతా భాగం చూశాను. లింకులు రెండు వైపులా సమానంగా తియ్యాలట. నేను మూడూ ఒకవైపే తీశాను. అంతదాకా చూసే ఓపిక నాకెక్కడిది?

ఒక లింకు వెనక్కి పెట్టి, రెండోవైపు తియ్యబోయాను. పిన్ను కదల్లేదు. బాణం చూడకుండా ఎదురు కొడుతున్నానని తర్వాత తెలిసింది. నాలుగు దెబ్బలు గట్టిగా వేశాను. ఆ పిన్ను వంగి లోపలే విరిగింది. ఇటువైపు సగం దూర్చి వదిలిన పిన్ను అదురుకి ఎగిరి మిరపకాయల్లో పడింది. చెయిను ఎక్కడికక్కడ విడిపోయింది.

మోచేతుల దాకా కాయల్లో పెట్టి అరగంట వెతికాను. దొరకలేదు. చెమట కళ్లలోకి కారుతుంటే ఆ చేత్తోనే తుడుచుకున్నాను. తర్వాత ఏమైందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. పంపు కింద తల పెట్టి కేకలు పెడుతుంటే మా ఆవిడ పెరుగు గిన్నెతో పరిగెత్తుకొచ్చింది. చల్లారాక అసలు తిట్లు మొదలయ్యాయి.

"మా నాన్న తెచ్చింది ముక్కలు చేసి పెట్టారు. ఇప్పుడు అడిగితే ఏం చెప్తారు?"

"ఏమీ చెప్పొద్దు. నువ్వు కూడా చెప్పకు. రేపు కొట్లో బాగు చేయిస్తా."

"నేను అబద్ధాలాడను. అసలు మీతో మాట్లాడనే మాట్లాడను" అంది. అన్నట్టే దారి పొడుగునా మాట్లాడలేదు.

అలా వెళ్లాం అత్తారింటికి. చేతికి వాచీ లేదు, కళ్లు రెండూ చింతనిప్పులు, పెళ్లాం పలకడం లేదు. అలిగిన అల్లుడు అచ్చంగా ఎలా ఉంటాడో అలా ఉన్నాను. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలిసింది.

గుమ్మంలో కాళ్లకు నీళ్లిస్తూ మామగారు నా ఎడమచేతి వైపు చూశారు. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. అదే నేను చేసిన రెండో తప్పు. అత్తగారు కూతుర్ని వంటింట్లోకి తీసుకెళ్లి అడిగితే ఆమె "ఏం లేదమ్మా" అందట. మన ఇళ్లలో ఏం లేదంటే ఏదో ఉందనే అర్థం. భోజనంలో గారెలు, నాటుకోడి పులుసు. అత్తగారు నేను తలెత్తకుండానే వడ్డిస్తున్నారు. మంట వల్ల తలెత్తలేకపోతున్నానని ఎవరికి చెప్పను? కుర్చీలో కుదురుగా కూర్చోలేక మూడుసార్లు లేచాను. మామగారు తనకు ఆకలిగా లేదని మజ్జిగ తాగి లేచారు.

తర్వాత "కల్లం చూద్దురుగాని రండి అల్లుడు గారూ" అన్నారు. వెళ్లాను. ఎర్రగా పరిచిన కాయల పక్కన ఆయన ఆగారు. నల్ల తామర పురుగు తినగా మిగిలిన పంట అది. ఒక కాయ తీసి విరిచి, గింజ చూసి, పారేశారు.

"ఆ రోజు మీరేం అడగలేదు. అడగలేదు గదా అని నాకు తోచింది తెచ్చా. అది మీ స్థాయికి తగ్గట్టు లేదని నాకు ముందే అర్థం కావాల్సింది. ఇప్పుడైనా మొహమాటపడకుండా అడగండి. కాయ అమ్మగానే తెచ్చిస్తా. అమ్మాయి మీద మాత్రం కోపం పెట్టుకోవద్దు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ అడ్డంగా ఊపేశాను.

"అయ్యో, అలక కాదండీ! వాచీ నేనే విరగ్గొట్టాను. వదులుగా ఉందని ఇంట్లో బిగించబోయి..." అంటూ మొత్తం చెప్పాను. రోకలి, మిరపకాయలు, కళ్లు, ఏదీ వదల్లేదు.

ఆయన ఓపిగ్గా విన్నారు. "మీరు మర్యాదస్తులు. మా మనసు కష్టపెట్టకుండా ఏదో ఒకటి చెప్తారని తెలుసు" అన్నారు.

మా ఆవిణ్ణి పిలిచాను. "నిజమే నాన్నా, ఈయనగారి నిర్వాకమే" అంది. "నువ్వూరుకోమ్మా. మొగుణ్ణి వెనకేసుకు రావాలిలే" అన్నారాయన. చదువుకున్నవాడు వెల్లుల్లి రోకలితో వాచీ బిగిస్తాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు? ఎంత గట్టిగా నిజం చెబితే అంత పెద్ద అబద్ధంలా వినిపిస్తోంది. ఆయన ముఖం ఇంకా చిన్నబోతోంది. కూతుర్ని తక్కువ చోట ఇవ్వలేదు గానీ, తానే తక్కువైపోయానన్న బాధ అది. నాకది భరించరానిదిగా ఉంది.

"ఇక్కడే ఉండండి" అని బండి తీశాను. ఆ ఎండలో గుంటూరులో మా ఇంటి దాకా, టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వేసుకుని మిర్చి యార్డుకు పోతున్న లారీల వెనక దుమ్ము తింటూ, మంటల కళ్లతో. ఇంట్లో ముక్కలన్నీ ఏరి ఒక స్టీలు డబ్బాలో వేసుకుని, వెంటనే వెనక్కి తిప్పాను. నాలుగున్నరకు వచ్చేసరికి ఆయన కల్లం దగ్గరే ఉన్నారు. డబ్బా మూత తీసి చూపించాను.

ఆయన కింద కూర్చున్నారు. ముక్కలు తువ్వాలు మీద పోసుకుని ఒక్కొక్కటే చూశారు. విరిగిన పిన్ను ఇరుక్కున్న లింకును ఎండకు ఎత్తి చూశారు. రోకలి దెబ్బల గీతల మీద వేలితో రాశారు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు.

"చేతగాకనా! చేతగాకే గదా! ఏమేవ్, ఇటు రా, అల్లుడు గారికి అలకా లేదు గిలకా లేదు. పని చేతగాదు, అంతే!" అని ఇంటిదాకా వినపడేట్టు కేకేశారు. నా అసమర్థతకు అంత సంతోషించినవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఊపులో లేచి షెడ్డులోకి వెళ్లి, కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగి తీగ ముక్క తెచ్చారు. విరిగిన పిన్నును నెట్టేసి, తీగ దూర్చి, రెండు కొసలూ పట్టకారుతో వంచారు. నేను తీసేసిన లింకులు కూడా వదలకుండా అన్నీ కలిపేశారు. అల్లుడికి ఇచ్చినదాంట్లో ముక్క మిగలకూడదని కాబోలు. సరిగా వచ్చిందా లేదా అని చూడ్డానికి తన చేతికి పెట్టుకుని లాకు వేశారు.

అతికినట్టు సరిపోయింది. పార పట్టిన ఆ లావు మణికట్టు మీద ఒక్క లింకు ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను చూస్తున్నానని గమనించి గబగబా తీసేయబోయారు.

"కొట్లో గూడా ఇట్టాగే పెట్టి చూశా. మీ చెయ్యి ఎంతుంటుందో గుర్తు తెచ్చుకుందామని చాలాసేపు ఆలోచించా. గుర్తు రాలా" అన్నారు తల దించుకుని. "కన్యాదానం అప్పుడు మీ చేతిలో పెట్టాను గానీ, మీ చెయ్యి ఎక్కడ చూశానండీ? మా అమ్మాయి చెయ్యే చూస్తా ఉన్నా."

మీకే బాగుంది, ఉంచుకోండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట అంటే మళ్లీ అలకే అవుతుంది. ఎడమచెయ్యి చాపాను.

ఆయన వెంటనే వాచీ పెట్టలేదు. నా మణికట్టు చుట్టూ బొటనవేలూ చూపుడువేలూ చుట్టి, ఆ రెండు వేళ్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కడం చూసి, నిజంగానే కంగారుపడ్డారు. "ఇంత సన్నమా!" అని కూతురి వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వు ఈయనకు అన్నం పెడుతున్నావా లేదా?" అని గట్టిగా కోప్పడ్డారు. నాకు ఏడుపొచ్చింది. కాలు ఊపకుండా, చెయ్యి లాక్కోకుండా, ఆయన పట్టుకున్నంతసేపూ అలాగే నిలబడ్డాను.