స్టార్టర్ మీదికి పోయే చెయ్యి

మా చీనీ తోట, అంటే బత్తాయి తోట, పులివెందులకు దగ్గరే. చలికాలం మొదలవగానే చెట్లకు నీళ్లు ఆపేస్తాం. బెట్టకు పెట్టడం అంటాం దాన్ని. ఆకు వాడి, కొంత రాలి, చెట్టు బాగా దప్పికగొన్నాక మళ్లీ నీళ్లు వదిలితే కొమ్మకొమ్మకూ ఒకేసారి పూత వస్తుంది. తొందరపడి వదిలితే ఆకే వేస్తుంది, పూత రాదు. మరీ ఆలస్యమైతే చెట్టే పోతుంది. నీళ్లు వదిలే రోజు ఏదో మా ఆయనకు తెలిసేది. తోటలోకి పోయి ఆకు తడిమి వచ్చి, రేపు వదులుదాం అనేవాడు. ఎట్లా తెలిసిందని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఆయన పోయిన ఏడాది నేను ఓర్వలేకపోయాను. మధ్యాహ్నం ఎండకు ఆకు ముడుచుకుంటే నా గొంతే ఎండినట్టుండేది. పోయి బోరు స్టార్టర్ నొక్కేశాను. తోటంతా నిగనిగలాడే ఆకు, పూత మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. కాయ లేదు. అప్పుడు మా మరిది తోటను తనకు గుత్తకు ఇమ్మన్నాడు. మంచిగానే అడిగాడు. వచ్చే ఏడు కూడా పూత రాకపోతే ఇచ్చేస్తానని ఒప్పుకున్నాను. గుత్తకు ఇస్తే ఇల్లు గడుస్తుంది, నిజమే. పొద్దున లేచి నేనెక్కడికి పోవాలి మరి? ఇంట్లో కూర్చుంటే నా కాళ్లు నన్ను తింటాయి.

మళ్లీ నీళ్లు ఆపే రోజులు వచ్చాయి. కొట్టంలో స్టార్టర్ డబ్బా ముందు నిలబడతాను, బయటికి వస్తాను, మళ్లీ పోతాను. చెయ్యి దాని మీదికే పోతుంది. ప్రొద్దుటూరులో కాపురముండే నా కూతురు వచ్చి రెండు పూటలు చూసి, నా ఫోను తీసుకుని వీడియోకు ఎక్కడ నొక్కాలో చూపించింది.

"చెయ్యి ఆడికి పోయినప్పుడంతా ఇది తియ్యి మా. చెట్టును సూపిచ్చి, నీకేమనిపిస్తాందో చెప్పు. దినాం చెప్పాల," అంది.

నాకు సంతకం తప్ప రాయడం రాదు, ఇవన్నీ నాకెందుకు అన్నాను.

"నిన్ను రాయమన్లేదు గదా. వాగమంటాండా. అదేం కష్టం నీకు?"

ఇప్పుడు ఇది రాస్తున్నదీ తనే, నేను చెబుతుంటే.

మొదట తీసిన వీడియోలో నా బొటనవేలు తప్ప ఏమీ లేదు. తర్వాత గట్టు పక్కన ఒక చెట్టును గుర్తు పెట్టుకున్నాను. కుదురు ఉంటే కదా నాకు, ఒకరోజు పొద్దున తీస్తాను, ఒకరోజు మిట్టమధ్యాహ్నం తీస్తాను. మధ్యాహ్నం తీసిన దాంట్లో ఆకు బీడీలాగా చుట్టుకుని ఉంటుంది. మర్నాడు పొద్దున తీసిన దాంట్లో చక్కగా విచ్చుకుని ఉంటుంది. నీళ్లు పెట్టకుండానే చెట్టు ఎట్లా తేరుకుందని తల పట్టుకున్నాను. ఎవరైనా రాత్రి మోటారు వేశారేమోనని పాదులో మట్టి తవ్వి చూశాను. పొడి మట్టి. ఫోనులో అవన్నీ వరసగా చూసినాక గాని నాకు ఎక్కలేదు. ఎండకు ముడుచుకుంటుంది, రాత్రి చల్లదనానికి లేస్తుంది, అంతే. మధ్యాహ్నం చూసి భయపడటం దండగ. చూడాల్సింది పొద్దున. ఆ రోజు నుంచి ఎండ కొట్టంలోకి రాకముందే అదే చెట్టు, అదే కొమ్మ.

చెట్టు గురించి చెప్పినాక కూడా నోరు ఆగేది కాదు. రాత్రి నిద్ర పట్టలేదని, సంగటి ముద్ద సగం వదిలేశానని, ఆయన ఉంటే ఈ పాటికి తిట్టేవాడని చెప్పేదాన్ని. చెప్పినాక ఆ పూటకు స్టార్టర్ జోలికి పోయేదాన్ని కాదు. చెప్పాను కదా, ఇంక రేపటికి చూద్దాం అనిపించేది.

ఒకరోజు జమ్మలమడుగులో మా అక్కకు జ్వరమని తెలిసి మొదటి బస్సుకే పోవాల్సి వచ్చింది. చెట్టు లేదు, వేళ మాత్రం అయింది. బస్సులోనే ఫోను పట్టుకుని, ఈ రోజు ఆకు ఎట్లుందో తెలీదని చెబుతున్నాను. పక్కన కూర్చున్న బురఖా వేసుకున్న ముసలామె చాలాసేపు చూసి అడిగింది.

"ఎవురితో మాట్లాడతాండావు? కువైట్లో కొడుకుతోనా?"

"లేదుమ్మా, చెట్టుతో."

"మేలే. ఎదురు చెప్పదు," అంది.

అక్క దగ్గర ఒక గంట కూడా కూర్చోలేదు. దిగులంతా తోట మీదే ఉంది. మళ్లీ బస్సెక్కి మధ్యాహ్నానికి తోటకు వచ్చేసరికి, కొట్టం దగ్గర మా మరిది నిలబడి ఉన్నాడు.

"చెట్లు సచ్చిపోతాండాయి వదినా. నీకు కండ్లు కనపడతాండాయా లేదా?"

నిజంగానే ఆకులు అన్నీ చుట్టుకుని ఉన్నాయి, చెట్టు కింద రాలినవి కాళ్లకు కరకరమంటున్నాయి. ఆ పొద్దున నేను లేను కాబట్టి ఆకు లేచిందో లేదో తెలీదు. చెయ్యి స్టార్టర్ మీద పెట్టాను కూడా. చల్లగా తగిలింది. తీసేశాను.

"రేపు పొద్దున చూసి చెప్తానప్పా."

"రేపటికి కట్టెలు కొట్టుకోవాల్సిందే," అని పోయాడు.

పొద్దున పోయేసరికి ఆకు లేచే ఉంది. కొంచెం వంగింది గాని లేచింది. తీసి పెట్టుకున్నాను, నీళ్లు వదల్లేదు. మరిది రోజూ గట్టు మీద నిలబడి చూసి పోయేవాడు. తర్వాత ఒక పొద్దున ఆకు లేవలేదు. మంచు పడి తడిసి కూడా ముడుచుకునే ఉంది. నమ్మకం చాలక వెనకటి వీడియోలు ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఏ పొద్దుటా అట్లా లేదు. ఆ రోజు వీడియోలో ఏం చెప్పానో గుర్తు లేదు. చెప్పడం అవగానే స్టార్టర్ నొక్కాను. మొదట కొంచెమే తడిపాను, తర్వాత తర్వాత పెంచాను.

నీళ్లు వదిలినాక దిగులు ఇంకా ఎక్కువైంది. రోజూ అదే కొమ్మ దగ్గరికి ఫోను తీసుకుపోతాను, ఏమీ ఉండదు. ఏమీ లేదని చెప్పి వస్తాను. అట్లా చెప్పీ చెప్పీ ఒకరోజు కొత్త చిగురు మొదట్లో ఆవగింజంత తెల్లటి మొగ్గ కనపడింది. పక్క కొమ్మ చూశాను. పక్క చెట్టు చూశాను. తోట చివరి దాకా పరిగెత్తినట్టే పోయాను.

సాయంత్రం మరిది వచ్చి కొమ్మ వంచి చూశాడు. అతను అడగకముందే నేనే చెప్పాలనుకుని చెప్పేశాను.

"గుత్త మాట ఇంక ఎత్తొద్దప్పా."

"ఎత్తను," అన్నాడు. కొమ్మను మెల్లగా వదిలాడు, పూత రాలకుండా.