గిన్నెలు కడిగిన నీళ్ళు

నెవాడా ఎడారిలో రైలు పోతుంటే, పక్క వరుసలోని అమెరికన్ ముసలావిడ లేచి వచ్చి, "కాసేపు మీ కిటికీ దగ్గర కూర్చోనా?" అని అడిగింది. నేను జరిగాను.

రాబోయేది తను పుట్టిన ఊరు అని చెప్పింది. ఆవిరి ఇంజన్లు బాగుచేసేవాళ్ళ ఊరు. తాగే నీళ్ళు కూడా రైల్లోనే వచ్చేవట. డీజిల్ ఇంజన్లు వచ్చాక ఆ ఊరితో రైల్వేకి పని లేకపోయింది. అందరూ ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

"మా అమ్మ గిన్నెలు కడిగిన నీళ్ళతో ఒక చెట్టు పెంచింది. బయల్దేరే రోజు కూడా పోసింది."

"ఇంక ఎవరూ ఉండరని తెలిసి కూడానా?" అన్నాను.

"చెట్టుకేం తెలుసు, మేం వెళ్ళిపోతున్నామని?"

ఇసుక, కూలిన గోడలు, మళ్ళీ ఇసుక. ఆవిడ వేళ్ళు నా మణికట్టు మీద బిగిశాయి. అంతలో ఒకే ఒక్క చెట్టు, పచ్చగా. "ఎవరు పోస్తున్నారో నీళ్ళు," అని గొణిగి, ఆవిడ అద్దం మీద అరచెయ్యి ఆనించింది. చెట్టు దాటిపోయినా తియ్యలేదు.

కొన్నేళ్ళకి టెక్సస్‌లో, కాపెల్ అనే ఊళ్ళో మా అద్దె ఇల్లు ఖాళీ చేశాం. సామానంతా ట్రక్‌లోకి ఎక్కించాక మా ఆయన హారన్ కొట్టి, "ఇంకా ఏం చేస్తున్నావ్? ఓనర్‌కి కీస్ ఇచ్చెయ్యాలి, లేట్ అవుతోంది!" అని కేకేశారు.

నేను పెరట్లో ఉన్నాను. పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు, అక్కడ నేను నాటిన గులాబీ మొదట్లో పోస్తున్నాను.